కొత్త యూకే గ్యారేజ్, గ్రైమ్ విడుదలలు: వీటిలో కొత్తదనం ఎంత, వీటిని ఎలా వినాలి?

మంద్రస్థాయి

మిత్రులకు నమస్కారం. బ్రిటన్ నుంచి వస్తున్న గ్యారేజ్, గ్రైమ్, బేస్ (మంద్ర ధ్వని) ప్రధానమైన క్లబ్ సంగీతాన్ని శ్రద్ధగా వినేవాళ్లు ఇక్కడ కొందరున్నారని తెలిసి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. 2022లో ఎలైజా రోజ్, ఇంటర్‌ప్లానెటరీ క్రిమినల్ కలిసి చేసిన ‘బోటా’ అక్కడి పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. 2000లో సోనిక్ తర్వాత ఒక మహిళా డీజేకు ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. 2023 ఆరంభంలో స్క్రిలెక్స్, ఫ్రెడ్ అగెయిన్, ఫ్లోడాన్‌ల ‘రంబుల్’ వచ్చింది. అదే ఏడాది మేలో వేల్స్‌కు చెందిన అన్నదమ్ములు ఓవర్‌మోనో ‘గుడ్ లైస్’ ఆల్బమ్ తెచ్చారు. 2024లో బరియల్ ‘డ్రీమ్‌ఫియర్’, 2025లో గాయని పింక్‌పాంథరెస్ ‘ఫ్యాన్సీ దట్’, స్కెప్టా, ఫ్రెడ్ అగెయిన్, ప్లాక్‌బాయ్‌మ్యాక్స్‌ల ‘విక్టరీ ల్యాప్’ వరుసగా విన్నాను.

నన్ను వదలని ప్రశ్న ఒక్కటే. ఇది నిజంగా కొత్త సంగీతమా, లేక 1999ని తుడిచి, మెరుగుపెట్టి మళ్లీ మన చేతిలో పెడుతున్నారా? పాత రికార్డులోని ముక్కను వాడుకోవడం తప్పని నేను అనుకోను, ఎందుకంటే ఈ సంగీతం మొదటి నుంచీ ఇతరుల గొంతులను కత్తిరించి బతికినదే. అయితే ఆ ముక్క చుట్టూ ఎంత ఖాళీ ఉంచారు, ఆ ఖాళీలో బేస్ కదలడానికీ, బీటు మీద లయగా మాటలు పలికే ఎంసీ మాట్లాడడానికీ చోటుందా లేదా అన్నదాన్ని బట్టే ఒక విడుదల నిలబడుతుందో లేదో నేను తేల్చుకుంటాను. మీ అభిప్రాయాలు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

పాతరికార్డుల_పెట్టె

నేను 2000 నుంచి 2004 వరకు తూర్పు లండన్‌లో చదువుకుంటూ, ఈస్ట్ హామ్‌లో ముగ్గురు మిత్రులతో ఒకే గదిలో ఉన్నాను. మా గదిలోని చిన్న రేడియోలో యాంటెనాకు బట్టలు ఆరేసే తీగను చుట్టి, కిటికీ వైపు వంచితేనే లైసెన్సు లేని పైరేట్ స్టేషన్లు అందేవి. శనివారం మధ్యాహ్నం ఒక స్టేషన్ వింటుండగానే మరో స్టేషన్ దాని మీదికి ఎక్కేది. వాటి ఏరియళ్లను ఎత్తైన ప్రభుత్వ నివాస భవనాల కప్పుల మీద రహస్యంగా బిగించేవారు, అధికారులు వచ్చి పీకేసేవారు, మళ్లీ బిగించేవారు. 1994లో అలాగే మొదలైన రిన్స్ ఎఫ్ఎమ్‌కు 2010లో గాని లైసెన్సు రాలేదు. ఆ స్టేషన్ స్థాపకుల్లో ఒకరైన స్లిమ్‌జీ టవర్ హామ్లెట్స్‌లో నాలుగు అంతస్తులకు మించిన భవనాల పైకి ఎక్కకూడదని 2005లో న్యాయస్థానం ఆదేశించిందంటే, ఆ పట్టుదల ఎటువంటిదో మీకు అర్థమవుతుంది.

అటువంటి రోజులు చూసినవాణ్ణి కనుక కొత్త విడుదలల మీద నాకు గట్టి ఫిర్యాదే ఉంది. స్వీట్ ఫీమేల్ ఆటిట్యూడ్ పాడిన ‘ఫ్లవర్స్’ 2000లో ప్రతి కారులోంచీ వినిపించేది. 2021లో పింక్‌పాంథరెస్ ‘పెయిన్’లో అదే రాగం మళ్లీ వినబడింది, కానీ పాట రెండు నిమిషాలు కూడా లేదు. ఆమె మొదటి మిక్స్‌టేప్‌లో పది పాటలున్నా అవన్నీ కలిపి ఇరవై నిమిషాలు దాటవు. పూర్వం పన్నెండు అంగుళాల రికార్డులో మొదటి నిమిషం కేవలం డ్రమ్స్ ఉండేవి, డీజే ముందు పాటను ఆ డ్రమ్స్‌లోకి మెల్లగా దించడానికి. ఇప్పటి పాటకు ఆ గుమ్మమే లేదు, నేరుగా నట్టింట్లోకి తెచ్చి నిలబెడుతుంది.

కొత్తవినికిడి

నేను విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాను, ఈ సంగీతం పరిచయమై ఆరు నెలలే అయింది. పెద్దల చర్చలో అడగవచ్చో లేదో తెలియదు గానీ రెండు సందేహాలున్నాయి. గ్యారేజ్‌కూ గ్రైమ్‌కూ తేడా నాకు చెవికి అందడం లేదు. రెండోది, అందరూ మెచ్చుకుంటున్న ‘రంబుల్’ను ఫోన్‌లో పెడితే ఒక మనిషి మాట్లాడుతున్నట్టు, వెనక ఏవో చప్పుళ్లు పడుతున్నట్టు తప్ప ఏమీ అనిపించలేదు. లోపం నా వినికిడిలోనే ఉందా?

శబ్దశిల్పి

కొత్తవినికిడి గారూ, లోపం మీ వినికిడిలో లేదు, మీ ఫోన్‌లో ఉంది. నేను హైదరాబాద్‌లో శబ్ద మిశ్రమం పని చేస్తాను కాబట్టి దీన్ని కాస్త విడమరచి చెబుతాను.

ఈ పాటల్లో అసలు బేస్ 40 నుంచి 60 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. 50 హెర్ట్జ్ ధ్వని ఒక తరంగం పొడవు దాదాపు ఏడు మీటర్లు. అంత పెద్ద అలను గదిలోకి నెట్టాలంటే స్పీకర్ పొర చాలా గాలిని కదపాలి. ఫోన్ స్పీకర్ గోరంత ఉంటుంది, కొన్ని వందల హెర్ట్జ్‌ల కింద అది దాదాపు మౌనం పాటిస్తుంది. ‘రంబుల్’లో బేస్ ఎక్కువ భాగం ఆ మౌనంలోనే పడిపోయింది. ఇందుకు విరుగుడుగా కొందరు సంగీత నిర్మాతలు బేస్‌ను కొద్దిగా చెడగొట్టి, దానికి పై స్థాయి ధ్వనులు జోడిస్తారు. అప్పుడు అడుగు స్వరం వినబడకపోయినా, పైవాటి వరుసను బట్టి మన మెదడు దాన్ని ఊహించుకుంటుంది. ఉత్తర ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వైపు పాటల్లోనూ, ఇప్పటి ‘స్పీడ్ గ్యారేజ్’ పాటల్లోనూ వంకరలు తిరిగే ఆ మొరటు బేస్ ఫోన్‌లో కూడా తెలియడానికి కారణం అదే. దక్షిణ లండన్‌లోని క్రాయిడన్ పరిసరాల్లో ఎదిగిన డబ్‌స్టెప్ పద్ధతిలో మాత్రం బేస్ నునుపుగా, ఒంటరిగా ఉంటుంది. దానికి పెద్ద పెట్టెలు కావలసిందే.

ఇక తేడా సంగతి. గ్యారేజ్ నిమిషానికి సుమారు 130 బీట్లు, గ్రైమ్ 140. కానీ వేగం ముఖ్యం కాదు, నడక ముఖ్యం. హౌస్ సంగీతంలో ప్రతి బీటుకూ కిక్, అంటే పెద్ద డ్రమ్ దెబ్బ, పడుతుంది. టూ-స్టెప్ గ్యారేజ్‌లో రెండో, నాలుగో బీట్ల మీద కిక్ తీసేసి, అక్కడ స్నేర్ అనే పదునైన డ్రమ్ దెబ్బ మాత్రమే ఉంచి, మిగతా చిన్న దెబ్బలను పక్కకు జరుపుతారు. ఒక ఉదాహరణ లెక్క చూడండి. 132 వేగంలో ఒక బీటు 454 మిల్లీసెకన్లు. దాన్ని నాలుగు సమాన భాగాలు చేస్తే ఒక్కొక్కటి 114 దగ్గర పడుతుంది, అది మన చతురశ్రం. గ్యారేజ్ నిర్మాత 58 శాతం స్వింగ్ పెట్టాడనుకోండి, అంటే జంట ముక్కల్లో మొదటిదాన్ని కాస్త పొడవు చేశాడనుకోండి, మొదటి ముక్క 132 మిల్లీసెకన్లు, రెండోది 95 అవుతాయి. ఇంకా లాగి 151, 76 చేస్తే తిశ్రం వచ్చేస్తుంది. అంటే ఈ నడక చతురశ్రమూ కాదు, తిశ్రమూ కాదు, రెంటి మధ్య గట్టు మీద నడుస్తుంది. కాలు ఎటు వేయాలో తెలియక ఒళ్లే ముందు ఊగుతుంది. గ్రైమ్‌లో ఈ ఊపు చాలావరకు తీసేశారు. అది చదరంగా, చల్లగా, మెట్లు మెట్లుగా ఉంటుంది. 140ని సగం చేసి 70గా కూడా వినవచ్చు కాబట్టి, ఎంసీ కావాలంటే మెల్లగా, కావాలంటే రెట్టింపు వేగంతో పలకగలడు.

ఉత్తరగాలి

షెఫీల్డ్ పేరు ఎత్తినందుకు శబ్దశిల్పి గారికి కృతజ్ఞతలు. ఎనిమిదేళ్లుగా నేను ఉంటున్న ఊరు అది. ఈ సంగీతం గురించి ఎవరు రాసినా లండన్ దాటి రారన్నది నా బాధ. లండన్ 2002 తర్వాత గ్యారేజ్‌ను పక్కన పెట్టి గ్రైమ్ వైపూ డబ్‌స్టెప్ వైపూ వెళ్లిపోతే, షెఫీల్డ్‌లోని నిచ్ అనే క్లబ్ దాన్ని వదలకుండా, నాలుగు కిక్‌లు యథాతథంగా ఉంచి, బేస్‌ను ముందుకు తెచ్చి బేస్‌లైన్ అనే రూపాన్ని పెంచింది. 2005లో పోలీసు దాడి తర్వాత ఆ క్లబ్ మూతపడింది. అయినా 2007లో లీడ్స్‌కు చెందిన టీటూ అనే నిర్మాత, జోడీ ఐషా పాడిన ‘హార్ట్‌బ్రోకెన్’తో బ్రిటన్ పట్టికలో రెండో స్థానానికి వెళ్లాడు.

ఇప్పుడు మీరు కొత్తదనం అంటున్నదాంట్లో సగం ఆ ఉత్తరాది మూటలోంచి తీసినదే. ‘బోటా’లోని ఇంటర్‌ప్లానెటరీ క్రిమినల్ మాంచెస్టర్ వైపు మనిషి. ఆ పాటలోని ఆర్గన్ లాంటి గుండ్రటి బేస్‌ను శ్రద్ధగా వినండి. కోర్గ్ ఎమ్1 అనే 1988 నాటి కీబోర్డులోని ఆర్గన్ ధ్వనితో మొదలైన వంశం అది. మా ఊళ్లో టాక్సీ డ్రైవర్లు ఈనాటికీ ఆ పాత పాటలు పెట్టుకుని తిరుగుతారు. వాళ్లకు ఇది పునరుద్ధరణ కాదు, మధ్యలో ఆగనే లేదు.

పదహారుబార్లు

చర్చ అంతా స్పీకర్ల చుట్టూ, డ్రమ్స్ చుట్టూ తిరుగుతోంది గానీ, మాట గురించి ఎవరూ చెప్పడం లేదు. నా దృష్టిలో గ్రైమ్ అంటే ముందు మాట. 2001లో సో సాలిడ్ క్రూ చేసిన ‘21 సెకండ్స్’లో ఒక్కో ఎంసీకి ఇరవై ఒక్క సెకన్లు దక్కాయి. ఆ కొద్ది చోటులో తన గొంతును ముద్ర వేయడమే పోటీ. ఆ పోటీయే తర్వాత తూర్పు లండన్‌లోని బో ప్రాంతపు కుర్రాళ్లను తయారుచేసింది. డిజీ రాస్కల్ ‘బాయ్ ఇన్ ద కార్నర్’ 2003లో బ్రిటన్‌లో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి గెలిచింది, అప్పటికి అతనికి పందొమ్మిదేళ్లు నిండలేదు. 2016లో స్కెప్టా ‘కొన్నిచివా’కు అదే బహుమతి వచ్చింది. 2017లో స్టార్మ్‌జీ ఆల్బమ్ బ్రిటన్ పట్టికలో మొదటి స్థానానికి చేరిన తొలి గ్రైమ్ ఆల్బమ్ అయింది.

‘రంబుల్’ను మంద్రస్థాయి గారి కొలమానంతోనే చూద్దాం. ఫ్లోడాన్ ఇరవై ఏళ్ల కిందటే రోల్ డీప్ అనే గ్రైమ్ బృందంలో ఉన్న ఎంసీ. అతని గొంతే మంద్రంలో ఉంటుంది. అందుకే నిర్మాతలు ఆ గొంతు పలికేటప్పుడు బేస్‌ను పక్కకు తప్పించి, గొంతు ఆగగానే బేస్‌ను వదిలారు. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడే మర్యాద ఆ పాటలో ఉంది. 2024 ఫిబ్రవరిలో ఆ పాటకు గ్రామీ వచ్చినప్పుడు, గ్రామీ అందుకున్న తొలి గ్రైమ్ ఎంసీగా ఫ్లోడాన్ నిలిచాడు. అతనికి న్యాయం చాలా ఆలస్యంగా జరిగిందని నేను నమ్ముతున్నాను.

ఆలస్యానికి కారణాలున్నాయి. లండన్ పోలీసులు 2005లో ఫారం 696 అనే పత్రం తెచ్చారు. కార్యక్రమం పెట్టేవాళ్లు ప్రదర్శకుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ముందే ఇవ్వాలి. మొదట్లో ఏ రకం సంగీతం, వచ్చేవాళ్లు ఏ జాతివాళ్లు అని కూడా ఆ పత్రం అడిగేది. 2017 నవంబరులో దాన్ని రద్దు చేసే వరకూ ఎన్ని రాత్రులు జరగకుండానే పోయాయో ఆలోచించండి. గ్రైమ్ రేడియోలోనూ, ఇంటర్నెట్‌లోనూ పెరిగి, వేదిక మీద ఎందుకు పెరగలేదని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే.

మంద్రస్థాయి

పదహారుబార్లు గారు చెప్పిన ‘ఒకరి తర్వాత ఒకరు’ అన్న మాట నేను వెతుకుతున్న మాటే. ఉత్తరగాలి గారి అభ్యంతరాన్ని కూడా అంగీకరిస్తున్నాను. ‘బోటా’ను నేను లండన్ చెవితోనే విన్నాను.

పాతరికార్డుల_పెట్టె గారికి మాత్రం ఒక విషయం గుర్తుచేయాలి. మీరు ప్రేమించిన టూ-స్టెప్‌కు అచ్చు పోసిన పాటల్లో టీనా మోర్ పాట ఒకటి. 1997లో బ్రిటన్‌ను ఊపిన ఆ రూపం చికాగోకు చెందిన కెల్లీ జి చేసిన రీమిక్స్. గొంతును అచ్చులుగా, హల్లులుగా తరిగి కొత్త రాగం అల్లడం నేర్పిన టాడ్ ఎడ్వర్డ్స్‌ది న్యూజెర్సీ. లండన్ డీజేలు ఆ అమెరికా రికార్డుల వేగం పెంచి, జమైకా సౌండ్ సిస్టమ్ నుంచి వచ్చిన బేస్ ప్రేమను, జనం అరవగానే పాటను ఆపి మొదటి నుంచి పెట్టే రీలోడ్ అలవాటును దానికి కలిపారు. అంటే మొదటి తరం కూడా అరువు తెచ్చుకున్నదే, తెచ్చుకున్నదాన్ని మార్చింది. ‘పెయిన్’ పొట్టిదని కోప్పడడం సమంజసమే. అయితే ఆ పాట క్లబ్ కోసం చేసినది కాదు, పడక మీద ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వినే అమ్మాయి గొంతు అది. అందులో బేస్ తగ్గిందన్న మాట నిజం, కానీ టూ-స్టెప్ నడకలో అంత ఒంటరితనాన్ని పట్టినవాళ్లు బరియల్ తర్వాత తక్కువ.

బరియల్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, 2007 నాటి ‘అన్‌ట్రూ’ వినని వారు ముందు అది వినాలి. అక్కడ డ్రమ్స్ గడియారానికి కట్టినట్టు ఉండవు, గొంతులు వాననీటిలో తడిసినట్టు ఉంటాయి. ‘డ్రీమ్‌ఫియర్’ దానికి పూర్తిగా భిన్నం. వేగంగా, ముక్కలు ముక్కలుగా, తొంభైల ఆరంభపు రేవ్ టేపులను తిప్పుతున్నట్టు సాగుతుంది. నాకు మొదటిసారి నచ్చలేదు, నాలుగోసారికి అర్థమైంది.

పాతరికార్డుల_పెట్టె

మీరు చెప్పినదాన్ని కాదనలేను. టీనా మోర్ రికార్డు నా దగ్గర ఇప్పటికీ ఉంది, అది ఎక్కడ తయారైందో ఆ రోజుల్లో నేను పట్టించుకోలేదు. నిన్న రాత్రి ‘గుడ్ లైస్’ మళ్లీ మొదటి నుంచి చివరి దాకా విన్నాను. అందులో గొంతు ముక్కను పట్టుకుని, దాన్ని ప్రతిసారీ కొంచెం వేరుగా తిప్పి చూపిస్తారు. ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోయినా పాట నిలుస్తుంది. అదే నేను అడిగేది. పాత పాట గుర్తుకొచ్చినందుకు కలిగే సంతోషాన్ని కొత్త పాట ఇచ్చిన సంతోషంగా లెక్కవేయకూడదు. పాత పాటకు కొద్ది మార్పులు చేసి వదిలే చాలా కొత్త ‘ఎడిట్’ల విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది.

తూర్పుకిటికీ

ఈ చర్చలో మన ఉపఖండపు పిల్లల పాత్ర రాకపోతే లోటుగా ఉంటుంది. బ్రిటన్‌లో దక్షిణాసియా కుటుంబాల పిల్లలకు ఎనభై, తొంభైలలో రాత్రిపూట బయటికి వెళ్లే అనుమతి ఉండేది కాదు. అందుకని కాలేజీకి వెళ్తున్నామని చెప్పి పగటిపూట క్లబ్బుల్లో జరిగే డే-టైమర్ సభలకు వెళ్లేవారు. 2020లో మొదలైన డేటైమర్స్ బృందం ఆ పేరునే తీసుకుంది. వాళ్లలో యంగ్ సింగ్ అనే డీజే, ఈ శతాబ్ది మొదట్లో వచ్చి మరుగునపడిన పంజాబీ గ్యారేజ్ పాటలను వెలికితీసి, ఒకే వరుసలో పేర్చి వినిపించాడు. 2021లో, డీజే ప్రదర్శనలను ఇంటర్నెట్‌లో ప్రసారం చేసే బాయిలర్ రూమ్‌లో ఆ బృందం చేసిన కార్యక్రమంతో చాలామందికి ఆ చరిత్ర మొదటిసారి తెలిసింది. డోలు, ఒంటి తీగ వాయిద్యమైన తుంబీ ఉన్న పాట టూ-స్టెప్ మీద అంత సహజంగా ఎలా కూర్చుంటుందో వింటే గాని నమ్మలేం.

లండన్‌లో తెలుగువాళ్లం ఇంతమంది ఉన్నాం, మన భాషలో ఎవరైనా ఈ ప్రయత్నం చేశారా అని నాకు కుతూహలం.

శబ్దశిల్పి

తూర్పుకిటికీ గారూ, విడుదల చేసేంతటిది కాదు గానీ నేను ఒక ప్రయత్నం చేశాను. మా అమ్మ వాట్సాప్‌లో పంపిన సందేశంలో ‘ఎప్పుడొస్తావు’ అన్న ఒక్క మాటను తీసుకున్నాను. దాన్ని ఎ, పు, డొ, స్తా, వు అని అయిదు ముక్కలు చేసి, 132 వేగంలో టాడ్ ఎడ్వర్డ్స్ పద్ధతిలో అటూ ఇటూ మార్చి పేర్చాను. ఇంగ్లిష్ మాటను తరిగితే హల్లు దగ్గర తెగి, చివర గరుకుగా మిగులుతుంది. తెలుగు అజంత భాష కాబట్టి ప్రతి ముక్కా అచ్చుతో ముగిసింది, ఆ అచ్చును శ్రుతిలో ఎంత కావాలంటే అంత సాగదీయగలిగాను. ‘స్తా’లోని దీర్ఘం స్నేర్ తర్వాతి ఖాళీలో చక్కగా కూర్చుంది. ‘డొ’ను కిక్‌కు కొంచెం ముందు పెడితే అడుగు తడబడినట్టు ఉండి, నాకు కావలసిన ఊపు వచ్చింది. బేస్ మాత్రం ఒక్క నునుపు స్వరం, 49 హెర్ట్జ్. అమ్మ గొంతు ఉన్నంతసేపూ దాన్ని మూసి ఉంచాను.

కొత్తవినికిడి

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. శబ్దశిల్పి గారు పెద్ద పెట్టెలు కావాలన్న తర్వాత నాకు మా బాబాయి గుర్తొచ్చారు. ఆయన పెళ్లిళ్లకు, ఊరేగింపులకు సౌండ్ అద్దెకిస్తారు. ఆదివారం మధ్యాహ్నం ఆయన గోడౌన్‌కు వెళ్లి, పద్దెనిమిది అంగుళాల బేస్ పెట్టెలు రెండు కనెక్ట్ చేయించి, ముందు ‘బోటా’, తర్వాత ‘గుడ్ లైస్’, చివర ‘రంబుల్’ పెట్టాను.

‘బోటా’ బేస్ ఫోన్‌లోనూ కొంత తెలిసేది కాబట్టి ఆశ్చర్యం కలగలేదు. ‘గుడ్ లైస్’లో డ్రమ్స్ పక్కకు జరగడమంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది, తల ఊపడం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో తెలియలేదు. ‘రంబుల్’లో ఫ్లోడాన్ మాట ఆగగానే గోడౌన్ ఇనుప షట్టర్ కింది అంచు నేలకు కొట్టుకోవడం మొదలైంది. మూలనున్న బల్బుల పెట్టె తనంతట తాను రెండంగుళాలు జరిగింది. నా చొక్కా ఛాతీ దగ్గర కదులుతున్నట్టు స్పష్టంగా తెలిసింది, అంతసేపూ చెవికి మాత్రం పెద్దగా ఏమీ వినబడలేదు. ఫోన్‌లో నేను ఖాళీ అనుకున్న చోటల్లా ఇది ఉంది.

బాబాయి తలుపు దగ్గర నిలబడి టీ తాగుతున్నారు. ముప్పై ఏళ్లుగా ఈ పెట్టెలతోనే బతుకుతున్న మనిషి. గ్లాసు పక్కన పెట్టి, లోపలికి వచ్చి, ఆంప్లిఫయర్ మీద చెయ్యి వేసి వేడి చూశారు. ఆ బాక్సుల్లో ఇంత కింది శబ్దం ఉందని తనకు తెలియదన్నారు. ఎవరు ఈ పాడేది అని అడిగారు, చెప్పాను. పాట ఇంకా సగంలోనే ఉంది. ‘‘ఆపు, మళ్లీ మొదట్నుంచి పెట్టు’’ అన్నారు.